అంతర్గత వ్యవహారం

ఆదివారం సాయంత్రం అయిదు గంటలు. రెండో అంతస్తులో అద్దె ఇల్లు, ముందుగది. హైస్కూల్లో సివిక్స్ చెప్పే మాస్టారు, పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసే ఆయన భార్య, సరిగా వినబడని ఆయన తల్లి.

"లోపల పెట్టొద్దన్నానా లేదా? ఇప్పుడే కాలికి తగిలి బోర్లా పడబోయాను. మూడు వారాలుగా చెబుతున్నాను. ఈ ఇంట్లో నా మాట గోడకి చెప్పుకున్నట్టే ఉంది."

"గోడవారగానే పెట్టానత్తయ్యా."

"గోడవారగా పెడితే నా కాలికెందుకు తగులుతాయమ్మాయ్? ఇన్నేళ్ళూ గుమ్మం బయటే ఉన్నాయిగా చెప్పులు. ఇప్పుడేం, వాటికి జలుబు చేస్తోందా?"

"దొంగలు తిరుగుతున్నారట. కింద వాళ్ళవి పోయాయట."

"ఏంటీ?"

"దొంగలత్తయ్యా! చెప్పుల దొంగలు!"

"నా చెప్పులా? ఒకదానికి పట్టీ తెగింది, రెండోదానికి పిన్నీసు గుచ్చుకున్నాను. వాటిని ఎత్తుకెళ్ళేవాడికి నేనే ఎదురెళ్ళి దండం పెడతాను. ఒరే, నువ్వైనా చెప్పరా మీ ఆవిడకి."

"నన్ను లాగకమ్మా. పేపర్లు దిద్దుకుంటున్నాను."

"ఎప్పుడు చూడు పేపర్లే. ఇల్లు కూలినా ఒక చేత్తో దిద్దుతూనే ఉంటావు."

"నువ్వెళ్ళి కాసేపు నడుం వాల్చు. చెప్పులు నేను తీస్తాలే."

"మొన్నా తీస్తానన్నావు."

"తీస్తానమ్మా. వెళ్ళు."

"వెళ్తున్నాను, వెళ్తున్నాను. మనిషిని గదిలోకి, చెప్పుల్ని ఇంట్లోకి. బాగుంది వరస."

"వెళ్ళారా?"

"వెళ్ళింది. ఆ చెప్పులు బయట పెట్టెయ్. అమ్మ నిజంగానే పడుతుంది ఒకరోజు."

"పెట్టను."

"కింద వాళ్ళవేం పోలేదు. అబద్ధం దేనికి?"

"పోలేదని నాకూ తెలుసు. ఎందుకు లోపల పెడుతున్నానో మీకూ తెలుసు."

"నాకేం తెలీదు."

"ఆ రోజు గుమ్మం బయట మూడు జతలున్నాయి. మీవి, నావి, అత్తయ్యవి. పక్కింటావిడ వాటి పక్కనే నిలబడి తలుపు కొట్టింది. లోపల జనం లేరనుకోవడానికి ఆవిడేమన్నా గుడ్డిదా? ఇప్పుడు బయటికి అడుగు పెడితే చాలు, నా కళ్ళు అక్కడికే పోతున్నాయి."

"మళ్ళీ మొదలుపెట్టకు."

"నేను మొదలుపెట్టకపోతే రేపు ఆగుతుందా?"

"రేపేంటి?"

"ఏమీ ఎరగనట్టు అడుగుతారేంటండీ. కోర్టు. పదకొండింటికి. పక్కింటి పిల్ల తల్లి దగ్గర ఉండాలా, తండ్రి దగ్గర ఉండాలా అని రేపు తేలుస్తారు. నిన్న మెట్ల మీద ఆ పిల్ల తండ్రి, మందుల షాపాయనే ఎదురై చెప్పాడు. ‘మాస్టారి సంతకం మాకు కొండంత బలమమ్మా’ అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వి, ఇంట్లోకొచ్చి మొహం కడుక్కున్నాను."

"నేనొక్కడినే కాదుగా, నాలుగిళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు."

"ఆ నాలుగిళ్ళకీ ఆయన ఇంటికీ మధ్య గోడ ఉమ్మడిగా లేదు. మనకే ఉంది. కాగితం మీద ఏముందో గుర్తుందా?"

"ఉంది."

"చెప్పండి."

"ఎందుకూ?"

"మీ నోటితో ఒకసారి విందామని."

"‘పదకొండేళ్ళుగా పక్క ఇంట్లో నివసిస్తున్నాము. ఆ ఇంట్లో గొడవ గాని, కేక గాని ఎన్నడూ వినలేదు.’ చాలా?"

"కింద సంతకం. సంతకం కింద ‘సివిక్స్ ఉపాధ్యాయుడు’ అని."

"రాయమన్నాడు, రాశాను. మనిషి ఇంటికొచ్చి ఎదురుగా కూర్చుని, పెన్ను కూడా తనే మూత తీసి ఇస్తే ఏం చెయ్యమంటావు? అమ్మకి బీపీ మాత్రలు నెలనెలా తనే తెచ్చి గుమ్మంలో ఇస్తాడు. ఆ మనిషి మొహం మీద కాదని ఎలా అంటాను? అయినా ఆయనకి టీ ఇచ్చింది ఎవరు?"

"ఇంటికొచ్చినవాడికి టీ ఇచ్చాను. సంతకం పెట్టలేదు."

"బిస్కెట్లు కూడా ఇచ్చావు."

"ఇచ్చాను. అయితే ఏంటి, బిస్కెట్లూ సంతకమూ ఒకటేనా?"

"కాదు. నేను కాదన్నానా?"

"మూడు వారాల కిందట సరిగ్గా ఇలాగే ఆదివారం. మధ్యాహ్నం మూడున్నర. ముందు గోడకి ఏదో పడ్డ చప్పుడు. తర్వాత ఆవిడ అరుపు. తర్వాత మన తలుపు. ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టారా?"

"లేదు."

"నేను పెట్టాను. ఏడుసార్లు. మొదటి రెండూ అరచేత్తో. ఆ తర్వాత మోచేత్తో. మోచేత్తో ఎందుకు కొడుతోందో నాకప్పుడు తెలీలేదు. మర్నాడు ఆవిడ తమ్ముడొచ్చి తీసుకెళ్తుంటే చూశాను, చెయ్యికి కట్టు. పిల్ల బడికెళ్ళింది కాబట్టి ఇక్కడే ఉండిపోయింది. ఆ తలుపు మనం తీసి ఉంటే..."

"నువ్వా ఆ మాట అడుగుతున్నావు?"

"ఎందుకు, అడగకూడదా?"

"ఏం లేదు. అడుగు. నువ్వే అడగాలి మరి."

"అడుగుతాను. ఆ సాయంత్రం అన్నం తింటూ మీరేమన్నారు? పాఠం చెప్పినట్టు చెప్పారు. ‘అది వాళ్ళ అంతర్గత వ్యవహారం’ అన్నారు."

"‘మనం చేసింది తప్పా?’ అని నువ్వడిగావు. ముద్ద నోట్లోకి పోవట్లేదు నీకు. ఏదో ఒకటి చెప్పాలి కదా, చెప్పాను."

"ఆ ఏదో ఒకటి ఇప్పుడు మళ్ళీ చెప్పండి. సార్వభౌమాధికారం అంటే ఏంటి? చిన్నప్పుడు చదివింది మర్చిపోయాను."

"వెటకారమా?"

"ఒట్టు. నిజంగానే అడుగుతున్నాను."

"ఒక గీత ఉంటుంది. గీత లోపల చివరిమాట ఒక్కరిదే. దాని మీద అప్పీలు లేదు. గీత బయట ఉన్నవాడు ఎంత పెద్దవాడైనా సరే, లోపలికి చెయ్యి పెట్టకూడదు. అంతే."

"ఎందుకు పెట్టకూడదు?"

"ఒకప్పుడు అందరూ పెట్టారు కాబట్టి. నీ దేవుడు తప్పు, నీ రాజు తప్పు అంటూ ఒకడి దేశంలోకి ఒకడు దూరి ఏళ్ళ తరబడి నరుక్కున్నారు. నరుక్కుని, నరుక్కుని, అలిసిపోయి కూర్చుని, ‘సరే, ఎవరిల్లు వాళ్ళు చూసుకుందాం’ అనుకున్నారు. అది పిరికితనం కాదు. దాని వెనక బోలెడు నెత్తురుంది. కాపాడతామని వచ్చినవాడు తిరిగి వెళ్ళింది ఎక్కడ? మొదట మందులిస్తాడు. తర్వాత రోడ్డేస్తాడు. ఆ తర్వాత గనులెక్కడున్నాయి అంటాడు. చిన్న దేశాలకి ఆ ఒక్కమాటే గొడుగు. ‘ఇది నా ఇల్లు, నువ్వు రాకు’ అనే మాట."

"బాగానే ఉంది. కాదనను. కానీ ఆవిడకి తలుపు తీస్తే మనం ఆవిడ గనులు అడుగుతామా?"

"నువ్వు అలా మాట్లాడితే ఎలా?"

"పోనీ, ఇది చెప్పండి. ఆ గీత గీసుకునేటప్పుడు లోపల ఉన్నవాళ్ళని ఎవరైనా అడిగారా?"

"అంటే?"

"ఇద్దరు మగాళ్ళు మెట్ల దగ్గర నిలబడి, నీ ఇంట్లోకి నేను రాను, నా ఇంట్లోకి నువ్వు రాకు అని చేతులు కలుపుకున్నారు. లోపలున్న ఆడమనిషి ఏ కాగితం మీద సంతకం పెట్టింది?"

"నన్ను పేపర్లు దిద్దుకోనివ్వు."

"ఏం మాస్టారూ, సిలబస్‌లో లేదా?"

"ఉంది."

"ఉందా?"

"పాఠం చివర్లో ఒక పేరా. తన జనాన్ని కాపాడినంతవరకే రాజ్యానికి ఆ హక్కు. కాపాడాల్సినవాడే కొడితే, ఆ మాట అడ్డం పెట్టుకోవడానికి వీల్లేదు అని కొందరంటారు. అదీ ఆ పేరా."

"మరి అది చెప్పలేదేం నాకు ఆ రోజు?"

"నీకే కాదు, ఎవరికీ చెప్పను. ఇన్నేళ్ళలో పరీక్షలో ఒక్కసారీ రాలేదు. దాని ముందు పేరా వరకు గీతలు పెట్టుకోమని చెప్పి పుస్తకం మూయించేస్తాను. ఈ సంవత్సరం ఆ పిల్ల అడిగింది."

"ఏ పిల్ల?"

"ఏ పిల్లేంటి, పక్కింటి పిల్ల. లేచి నిలబడి, ‘సార్, లోపల ఉన్నవాళ్ళే బయటికొచ్చి పిలిస్తే అప్పుడు వెళ్ళొచ్చా?’ అంది. ‘పరీక్షకి అక్కర్లేదు, కూర్చో’ అన్నాను. కూర్చుంది."

"అది నాకు తెలీదు. నాకు తెలిసింది వేరే."

"ఏం తెలిసింది?"

"నిన్న కరెంటు బిల్లు కోసం మీ బీరువా అర వెతికాను. మీ సర్టిఫికెట్ల కింద ఒక పేపరుంది. ఆ పిల్లది. అక్టోబరు పరీక్షది."

"దాన్ని ఎందుకు తీశావు? ఇలా ఇవ్వు."

"చదువుతాను."

"వద్దు. అమ్మ వింటుంది."

"అత్తయ్యకి పక్కన బాంబు పడినా వినబడదు. ఏడో ప్రశ్న. ‘సార్వభౌమాధికారం అనగానేమి? ఒక ఉదాహరణతో వివరింపుము.’ జవాబు. ‘ఒక రాజ్యము తన సరిహద్దుల లోపల చేయు పనులను ఇతర రాజ్యములు ప్రశ్నించకుండుటను సార్వభౌమాధికారం అందురు. ఉదాహరణ: మా ఇల్లు.’"

"చాలు."

"‘మా నాన్నగారు మా అమ్మను కొట్టునప్పుడు ఆ శబ్దము పక్క ఇంటికి వినబడును. పక్క ఇంటివారు చదువుకున్నవారు మరియు మంచివారు. అయినను వారు రారు. ఎందుకనగా అది మా అంతర్గత వ్యవహారము.’"

"చాలన్నానా!"

"మంచివారట. చూశారా? ‘మరియు మంచివారు.’"

"చూశాను."

"అయిదుకి అయిదు వేశారు."

"జవాబు కరెక్టు కదా."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు."

"పక్కన ఎర్రసిరాతో ఏదో రాశారు. అది మీరే చదవండి."

"‘మంచి ఉదాహరణ.’ అందరికీ రాస్తాను అలా. వంద పేపర్లు, చెయ్యి దానంతటదే రాసుకుంటూ పోతుంది. అసలు చదివానో లేదో కూడా..."

"చదవకుండా రాశారా?"

"రాత్రీ పగలూ దిద్దుతుంటే..."

"చదివారా, చదవలేదా?"

"చదివాను."

"మొత్తం?"

"రెండుసార్లు. మార్కులు వేశాక ఇంకోసారి. తర్వాత పై పేపరు కింద పెట్టాను. తర్వాత అందరివీ ఇచ్చేశాను, ఇదొక్కటీ ఇంటికి తెచ్చాను. ‘సార్, నా పేపరు?’ అంది. ‘ఎక్కడో కలిసిపోయిందమ్మా, నీకు మంచి మార్కులొచ్చాయిలే’ అన్నాను. ‘థాంక్యూ సార్’ అంది. ఇంక నా కళ్ళలోకి చూడలేదు. నేను చూడనిచ్చానా అని అడిగితే, అదీ లేదు. బోర్డు వైపు తిరిగే పాఠం చెబుతున్నాను అప్పట్నుంచి. తొమ్మిదో తరగతి మొత్తానికి నా వీపే తెలుసు."

"నాలుగు నెలలు."

"అవును."

"నాలుగు నెలల ముందే మీకు తెలుసు. తెలిసి, మొన్న ఆ కాగితం మీద..."

"ఎన్నిసార్లు చెబుతావు? తెలుసు. తెలిసే పెట్టాను. పెన్ను పట్టుకున్నప్పుడు నాకు ఆ పిల్ల రాతే కనబడింది. అయినా పెట్టాను. ఇంకేం చెప్పించాలి నా చేత?"

"నేను అరవట్లేదుగా. మీరెందుకు అరుస్తున్నారు?"

"ఏంట్రా అది? ఎవరితో అరుపులు?"

"ఎవరితోనూ లేదమ్మా. నువ్వు లేచావేం?"

"లేవక? గోడ అదిరింది నీ గొంతుకి. ఏమైందమ్మాయ్, ఏడుస్తున్నావా?"

"లేదత్తయ్యా."

"ఏంటీ?"

"లేదు! కంట్లో ఏదో పడింది!"

"ఇద్దరికీ ఒకేసారి పడిందా? వాడి మొహం చూడు, జ్వరం వచ్చినవాడిలా ఉన్నాడు. ఆ కాగితమేంటి?"

"పిల్లల పేపరమ్మా. అమ్మా, ఇలా కూర్చో. నా పక్కన, ఈ చెవి ఇటు పెట్టుకుని. నీకొకటి చెప్పాలి."

"చెప్పు."

"మూడు వారాల కిందట ఆదివారం, నువ్విక్కడ కుర్చీలో కూర్చున్నావు. తలుపు ఎవరో కొడుతున్నారన్నావు, గుర్తుందా?"

"గుర్తులేకేం? చెవిటిదాన్ని నాకే వినబడుతోంది, మీకు వినబడదేంరా అని అరిచాను. ఎవరో సబ్బులమ్మేవాడన్నావు."

"సబ్బులవాడు కాదు. పక్కింటావిడ."

"ఎవరూ, మందులాయన భార్యా? చెయ్యి విరిగి వెళ్ళిపోయిందే, ఆ అమ్మాయా?"

"అవును. మెట్ల మీద పడిందని చెప్పాను నీకు. పడలేదు. ఆయన కొట్టాడు. మన తలుపు తట్టింది. మేం తీయలేదు."

"తీయలేదా?"

"తీయలేదమ్మా. నేనే తీయలేదు."

"అయితే నేనరిచింది ఆ అమ్మాయికి వినబడే ఉంటుంది."

"వినబడే ఉంటుంది."

"నిన్ను పేరు పెట్టి పిలిచాను కదరా. ‘తలుపు తియ్యరా’ అని పేరు పెట్టి పిలిచాను. బయటున్న మనిషికి నువ్వున్నావని తెలిసిపోయి ఉంటుంది."

"తెలిసే ఉంటుంది."

"నీకిద్దరు అక్కలున్నారురా. ఎంత మంచి ఇళ్ళకిచ్చినా, ఫోన్ మోగితే నా గుండె కొట్టుకునేది. పక్కన ఎవరుంటారో, ఎలాంటివాళ్ళుంటారో అని. నీలాంటివాడుంటే చాలనుకునేదాన్ని."

"అమ్మా..."

"ఏమనకు. కాసేపు ఏమీ అనకు నాతో."

"ఏమండీ, అత్తయ్యకి మంచినీళ్ళివ్వనా?"

"ఆగు. ముందు ఇది వినండి ఇద్దరూ. రేపు నేను కోర్టుకెళ్తాను. ఆ సంతకం అబద్ధమని చెబుతాను. హెడ్మాస్టరుకి ఫోన్ చేసి సెలవు అడుగుతాను, కారణం కూడా చెబుతాను. ఆ తర్వాత బడిలో ఉంచుతారో, ఇంటికి పంపుతారో వాళ్ళిష్టం."

"మంచిది. ఈ పేపరు తీసుకెళ్ళండి. జడ్జిగారి ముందు పెడితే ఇంక మాటే అక్కర్లేదు. పిల్ల చేతిరాత."

"పేపరు తీసుకెళ్ళను."

"ఎందుకు?"

"అది ఆయన లాయరు చేతిలో పడుతుంది. ‘నీచేత ఎవరు రాయించారు?’ అని ఆ పిల్లని నిలబెడతారు, తండ్రి ఎదురుగా. పద్నాలుగేళ్ళ పిల్ల. ఒకసారి చెప్పింది, దాన్ని నేను బీరువాలో పెట్టాను. మళ్ళీ దాన్నే చెప్పించి, దాని వెనక నేను నిలబడాలా? నేను విన్నది నేనే చెబుతాను. పదకొండేళ్ళూ విన్నానని. తలుపు వెనకాలే ఉన్నానని."

"మిమ్మల్ని నిలబెట్టి అడుగుతారు. ఇన్నాళ్ళూ ఏం చేశారు అంటారు."

"అనాలి కదా."

"నలుగురిలో."

"అవును. నలుగురిలో. నువ్వూ రావాలి."

"నేనా?"

"ఒక్కడు చెబితే మాట మార్చాడంటారు. ఇద్దరం విన్నాం, ఇద్దరం చెబుదాం."

"రేపు సోమవారమండీ. సోమవారం కౌంటర్ ఎలా ఉంటుందో మీకు తెలీదు. పార్సిళ్ళు గుట్టలు గుట్టలుగా ఉంటాయి. పోస్టుమాస్టరు అసలే..."

"సరే."

"పైగా అత్తయ్య ఒక్కరే ఎలా ఉంటారు? సంతకం పెట్టింది మీరు. నేనొచ్చి ఏం చెప్పాలి?"

"సరే అన్నాను కదా. నువ్వు రావద్దు. నేను చెబుతాను. నీ సంగతి ఎత్తను."

"నా సంగతి ఎత్తనని ఎందుకంటున్నారు?"

"ఊరికే అన్నాను."

"ఊరికే అనలేదు. గంట నుంచీ మిమ్మల్ని తిడుతున్నాను. మూడు వారాలుగా తిడుతున్నాను. ఒక్కసారి కూడా మీరు..."

"ఇప్పుడవన్నీ ఎందుకు? వెళ్ళి అమ్మకి నీళ్ళు తీసుకురా."

"రెండేళ్ళ కిందట మేడ మీద బట్టలారేస్తుంటే ఆవిడ నాకు భుజం చూపించింది. మీకు చెప్పలేదు. నల్లగా కమిలిపోయి ఉంది. ‘ఏం చెయ్యమంటారక్కా?’ అంది. ‘ఏ ఇంట్లో లేవు? పిల్ల మొహం చూసి సర్దుకుపో’ అన్నాను. అని, క్లిప్పులు తక్కువయ్యాయి ఇస్తావా అని అడిగాను. ఇచ్చింది."

"ఏంటమ్మాయ్ గొణుగుతున్నావు? నాకేం వినబడట్లేదు. ఒరే, మీ ఆవిడ ఏమంటోంది? రేపు ఎవరెళ్తున్నారు, ఏం చెబుతున్నారు? నాకు తెలియాలా వద్దా?"

"నేను చెబుతానమ్మా, నువ్వు..."

"మీరాగండి. నేనే చెబుతాను. అత్తయ్యా, ఈ చెవి ఇటు పెట్టండి. రేపు మీ అన్నం, మాత్రలు టేబుల్ మీద పెట్టి వెళ్తాం. ఇద్దరం వెళ్తున్నాం. సంతకం సంగతి ఆయన చెప్పుకుంటారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. ఆ రోజు మీరు పిలవగానే మీ అబ్బాయి లేచారు. గడియ మీద చెయ్యి కూడా వేశారు. ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది నేను."